ఇంజను చల్లారేలోగా

ఇంజను చల్లారేదాకా రేడియేటర్ మీద చెయ్యి వెయ్యడానికి లేదు. చల్లారిన మరుక్షణం అల్లుడు చెయ్యి వేస్తాడు, వెయ్యగానే అతనికి తెలిసిపోతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నదే తనకు మిగిలిన వ్యవధి అని స్టీరింగ్ మాస్టారుకి వ్యాను ఆగిన క్షణంలోనే అర్థమైంది. అర్థమైనా సీటులోంచి కదల్లేదు, రెండు చేతులూ చక్రం మీదే ఉంచుకుని, బానెట్ సందుల్లోంచి లేస్తున్న ఆవిరిని చూస్తూ కూర్చున్నాడు. ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా టప్పున శబ్దం, దాని వెనకే తెల్లటి తెర, ఎదర రోడ్డు లేదు, కొండ లేదు, ఏమీ లేదు. అయినా వ్యానుని గీత గీసినట్టు పక్కకి తెచ్చి ఆపాడు. ఆపి, వెనక కూర్చున్నవాళ్ళు ఏమైనా మెచ్చుకుంటారేమోనని చెవి ఒగ్గాడు. ఆ చెవి ఒగ్గడం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళంతా చిమచిమలాడుతోంది. పైపు ఊడింది. ఏ పైపు ఊడిందో, ఎందుకు ఊడిందో దిగి చూడక్కర్లేదు. పొద్దున తన చేతులతో తను బిగించిన పైపు.

"నిన్న సాయంత్రమంతా దాంతోనే కుస్తీ పట్టారుగా బాబూ," అంది భార్య అల్లుడితో, కొంగుతో విసురుకుంటూ దిగి. బాబూ అన్న మాటలో తేనె ఉంది, మిగతా వాక్యంలో లేదు. "కొండ ఎక్కకముందే ఊడిపోయిందా?"

"చూస్తానత్తయ్యా. కాస్త చల్లారనివ్వండి," అన్నాడు అల్లుడు.

రోడ్డు పక్క కల్వర్టు గోడ మీద రుమాలు పరుచుకుని అప్పటికే కూర్చున్నాడు బావగారు, అంటే మాస్టారి భార్యకి అన్నగారు. ఈ ప్రయాణం ఆయన కోసమే. కొండ అవతల వాళ్ళ ఊళ్ళో మెయిన్ రోడ్డు మీద ఆయనకో షెడ్డు ఉంది, కలప వ్యాపారం మానేశాక ఖాళీగా పడి ఉంది. అల్లుడు ఇన్నేళ్ళూ ఒకరి గ్యారేజీలో పనిచేశాడు, ఆ షెడ్డు దొరికితే సొంతంగా పెట్టుకుంటాడు. ఇవాళ చూసుకుని మాట ఖాయం చేసుకోవాలి. బావగారు మంచివాడే, కాకపోతే ఒకసారి మనిషి మీద ఒక ముద్ర వేశాడంటే అది చెరగదు. "నా షెడ్డులో ఇలాంటి బళ్ళు నాలుగు నిలబెట్టావనుకో అల్లుడూ," అన్నాడాయన, ఆవిరిని చూపిస్తూ, "పొగ చూసి ఫైరింజను వచ్చేస్తుందయ్యా." తనే నవ్వాడు. భార్య కూడా నవ్వింది. అల్లుడు నవ్వబోయి మానేసి, బానెట్ ఎత్తి పెట్టి, బంపరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్, దిగి రెండడుగులు వేసి, బావగారూ అది అబ్బాయి బిగించిన పైపు కాదండీ, నేను విప్పి మళ్ళీ బిగించానండీ అంటే సరిపోతుంది. నోట్లో పట్టే మాటే. మాస్టారు తలుపు తీశాడు, దిగాడు, రెండడుగులూ వేశాడు. "ఎండ మండిపోతోంది," అన్నాడు. అని, తన గొంతు తనకే వినబడి, మళ్ళీ వ్యాను నీడలోకి వెళ్ళి నిలబడ్డాడు. లోపల ఇనుము చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. డ్యూటీ దిగాక డిపోలో బస్సు కూడా ఇలాగే టిక్కుమంటూ ఉండేది, ఆ చప్పుడు తనకెంతో ఇష్టం, ఇంటికొచ్చిన పశువు నెమరేస్తున్నట్టుండేది. మాస్టారని పేరే గానీ బడిపంతులు కాదు, ఉద్యోగమంతా బస్సు తోలాడు. మలుపులో నిలబడ్డ ముసలమ్మ కూడా తూలకుండా తోలేవాడని ప్రయాణికులు పెట్టిన పేరది. మాస్టారి బస్సు వెళ్ళిపోయిందా అని అడిగి, లేదంటే కూర్చునేవాళ్ళు, వెళ్ళిపోయిందంటే ఉసూరుమనేవాళ్ళు. బస్సుకి నెంబరుండేది, ఎవరూ నెంబరు చెప్పేవాళ్ళు కాదు. తోలడం వేరు, బాగు చెయ్యడం వేరు అని డిపో ఫిట్టర్లు వేళాకోళం చేసేవాళ్ళు, మాస్టారూ మీరు చక్రం పట్టుకోండి, స్పానరు మాకొదిలేయండి అని. అప్పుడు నవ్వి ఊరుకునేవాడు. రిటైరయ్యాక ఈ పాత వ్యాను కొన్నాక మాత్రం ఇంట్లో స్పానరు కూడా తనదే అయింది. కుళాయి కారినా తనే, ఫ్యాను కిర్రుమన్నా తనే, సగం పనులు బాగయ్యేవి, సగం పనులకి తరవాత ఎవరో వచ్చేవాళ్ళు, ఆ వచ్చేవాళ్ళు తను ఇంట్లో లేనప్పుడు వచ్చేలా భార్యే చూసుకునేది. అది తనకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు, ఆవిడ కూడా తెలియనట్టే ఉండేది, సంసారం హాయిగా నడిచింది.

ఆ తరవాత అల్లుడొచ్చాడు. గొడవ చేసే మనిషి కాదు, ఎదురు చెప్పడు, కూర్చోమంటేనే కూర్చుంటాడు. తప్పు పట్టడానికి పిసరంత సందు ఇవ్వలేదు, అదే కష్టమైంది. మొదట కుళాయి పోయింది, అంటే కుళాయి తన చేతిలోంచి పోయింది, అమ్మాయి "నాన్నా" అని పిలవాల్సిన చోట "ఏమండీ" అని పిలిచింది. తరవాత ఫ్యాను. ఒకరోజు భార్య సీసా మూత రాక, ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్న తనని దాటుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళి అల్లుడిచేత తీయించుకొచ్చింది. మూత! వెనక్కి వస్తూ తనవైపు చూసి, "మీ మోచెయ్యి నొప్పి కదా," అంది. ఏ మోచెయ్యి? తనకి మోకాలు నొప్పి. ఆ మాట పట్టుకుని రెండ్రోజులు మొహం మాడ్చుకున్నాడు, ఎవరికీ కారణం తెలియలేదు, తెలిస్తే నవ్వేవాళ్ళు. ఇప్పుడు తనకే నవ్వొస్తోంది, వచ్చినట్టే వచ్చి ఆగిపోతోంది. ఎందుకంటే ఈ పైపు ఊడటం మొదలైంది ఆ సీసా మూత దగ్గరే.

పైపు పగిలి వారమైంది. ఈ మోడలు బండికి ఇప్పుడా పైపు ఎక్కడా రావడం లేదు. నిన్న సాయంత్రం అల్లుడు వేరే బండి పైపు తెచ్చాడు, వంపు ఇంచుమించు సరిపోయింది, పొడవు ఎక్కువైతే కోశాడు, కానీ ఒక కొస లావు. రేడియేటర్ మూతి, అంటే పైపు తొడగాల్సిన గొట్టం, సన్నం, పైపు నోరు వెడల్పు, పిల్లవాడి కాలికి పెద్దవాడి చెప్పు తొడిగినట్టు. అల్లుడు పాత రబ్బరు నుంచి ఉంగరంలా ఒక తొడుగు కత్తిరించాడు. మూతి మీద ముందు ఆ తొడుగు వేసి, దాని మీద పైపు ఎక్కించి, మూతి చివర ఉబ్బెత్తుగా ఉండే గట్టు దాటాక క్లిప్పు బిగించాడు. అంతా అయ్యాక నీళ్ళు పోసి, ఇంజను వేడెక్కించి, కింద పాత పేపరు పరిచి, ఒక్క చుక్క పడుతుందేమోనని చీకటి పడేదాకా చూశాడు. చుక్క పడలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న బావగారు, ముందు రోజే వచ్చి ఉన్నాడుగా, "పనిమంతుడేనమ్మా మీ వాడు," అన్నాడు చెల్లెలితో. అప్పుడు భార్య ఆ మాట అంది. "ఆ చేతిలో పడితే ఏదైనా దారికొస్తుందన్నయ్యా." ఆ మాట. అచ్చంగా ఆ మాటే, అక్షరం మారకుండా, ఒకప్పుడు తన గురించి అనేది. ఎవరొచ్చినా అనేది. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు తను, కప్పులో కాఫీ చల్లారిపోతోంది. ఒక చొక్కా తనమీంచి తీసి, ఇంకా ఒంటి వెచ్చదనం పోకముందే, ఇంకొకరికి తొడిగేసినట్టనిపించింది.

అల్లుడు లేచి రేడియేటర్‌కి దగ్గరగా అరచెయ్యి పెట్టి, తాకకుండానే వెనక్కి తీసుకున్నాడు. "ఇంకాస్త," అన్నాడు. ఇంకాస్త. బావగారు ఏదో పాత లారీ కథ చెబుతున్నాడు, లోడుతో నడిరోడ్డులో ఆగిపోయిన లారీ, మెకానిక్కు నిర్లక్ష్యం, తను ఆ మెకానిక్కుని మళ్ళీ గడప తొక్కనివ్వకపోవడం. "ఎంత బతిమాలినా సరే," అంటున్నాడు. అల్లుడు వింటున్నాడు, మెడ వంచుకుని, తన గురించి కానట్టు. పొద్దున బయల్దేరేటప్పుడు అమ్మాయి మందుల షాపుకి డ్యూటీకి వెళ్తూ గేటు దగ్గర ఆగింది, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, గొంతు తగ్గించి, "నాన్నా, మామయ్య ముందు ఆయన గురించి ఒక మంచి మాట చెప్పు. ఆయన చెప్పుకోరు," అంది. "అలాగేనమ్మా," అన్నాడు. అప్పటికే పని అయిపోయింది. అలాగేనమ్మా అన్నప్పుడు చేతులు వెనక పెట్టుకున్నాడు, గోళ్ళలో నల్లటి మడ్డి కనపడకుండా.

చూద్దామనే లేచాడు, ఒట్టు, చూద్దామనే. ఇంట్లో అందరూ పడుకునే ఉన్నారు, వీధి కూడా ఇంకా కళ్ళు తెరవలేదు. దూరప్రయాణం, ఎత్తు రోడ్డు, బండి తనది, తోలేది తను, ఒకసారి చూసుకోవడంలో తప్పేముంది? బానెట్ ఎత్తాడు. పైపు అంచు కింద గోరంత నల్లటి రబ్బరు బయటికి కనిపించింది. అతుకు! నా బండికి అతుకా అనుకున్నాడు, చెప్పలేనంత సంతోషంగా అనుకున్నాడు. దొరికావు అన్నట్టు. క్లిప్పు వదులు చేశాడు, పైపు లాగాడు, తొడుగుని గోటితో వలిచి తీసేశాడు. పైపు మళ్ళీ ఎక్కించాడు, ఎంత సులువుగా ఎక్కిందో, అక్కడే బుర్ర వెలగాల్సింది, అంత సులువుగా ఎక్కింది అంత సులువుగానే దిగుతుందని. వదులుగా ఉంది కదా అని క్లిప్పుని పళ్ళు నూరుతూ బిగించాడు, రబ్బరు ఒక పక్క మడత పడేదాకా. బిగించి, శభాష్ అనుకున్నాడు. అప్పుడు తొడుగుని వీధి చివర చెత్తడబ్బాలో పడేసొచ్చాడు. పడేసి, రెండడుగులు వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి దాని మీద ఒక పేపరు కప్పాడు. ఒరే, నువ్వు చేసింది సరైన పనే అయితే ఆ పేపరెందుకు కప్పావురా? తప్పు చేస్తున్నానని తెలియక చేశాను అని ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఆ పేపరుకి మాత్రం చెప్పుకోలేడు. వచ్చి, చేతుల నలుపు పోవడానికి బట్ట తీసుకుని వ్యాను తుడుస్తూ కూర్చున్నాడు, భార్య కాఫీ తెచ్చి, "అబ్బో, ఇవాళ పెళ్ళికొడుకులా తయారుచేస్తున్నారే," అంది.

తన మామగారు గుర్తొచ్చాడు. భార్యకీ ఈ బావగారికీ తండ్రి. సైకిలు కూడా రాని మనిషి, తన బస్సెక్కి సరిగ్గా డ్రైవరు వెనక సీట్లో కూర్చునేవాడు, ప్రతి మలుపులోనూ చెవి దగ్గర "గేరు, గేరు మార్చవోయ్" అనేవాడు. బస్సంతా వినేది. కండక్టరు దగ్గు వంకతో నవ్వు దాచుకునేవాడు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి, మనకి అల్లుడొస్తే నేను చచ్చినా ఇలా చెయ్యను అని భార్యతో ప్రమాణం చేసినంత పని చేశాడు. నిజమే, చెయ్యలేదు. ఆయన నలుగురి ముందు నోటితో అన్నాడు. తను ఎవరూ చూడకుండా చేత్తో చేశాడు. పాపం ఆయనే నయం.

అల్లుడు మళ్ళీ లేచాడు. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మాస్టారు చూపు తిప్పుకోలేకపోయాడు. అల్లుడు ఊడిన పైపు కొసని వేళ్ళతో తడిమాడు, మడత పడ్డచోట ఆగాడు. రేడియేటర్ మూతి చుట్టూ వేలు తిప్పాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. బానెట్ కింద, అడుగున, రోడ్డు మీద చూశాడు, జారి పడిందేమోనని. లేదు. అతని వీపు మాత్రమే కనిపిస్తోంది, ఆ వీపు కదలకుండా నిలిచిపోవడంలోనే మాస్టారుకి తెలిసిపోయింది, అతనికి తెలిసిపోయిందని. ఇప్పుడు తిరుగుతాడు, తన మొహం చూస్తాడు. తిరగనీ, చూడనీ, తిట్టనీ. అల్లుడు తిరగలేదు. మూతి మీదే చూపు పెట్టి, "తొడుగు వెయ్యడం మర్చిపోయినట్టున్నానండీ," అన్నాడు.

"మర్చిపోయావా?" బావగారు లారీ కథ ఆపేశాడు.

"అవునండీ. నా పొరపాటే."

"చెక్క కోసేవాడు కొలత మర్చిపోతే చెక్క పోతుందయ్యా. నువ్వు మర్చిపోతే మనుషులు పోతారు." కోపంగా కూడా అనలేదు. రుమాలు దులిపి మడత పెట్టుకున్నాడు. "షెడ్డు సంగతి తరవాత చూద్దాంలే. గోదాముకి ఎవరో అడుగుతున్నారు కూడా."

అంతే. ఇన్నేళ్ళ ఎదురుచూపు ఒక రుమాలు మడతలోకి వెళ్ళిపోయింది. మాస్టారుకి తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే బాగుండేది, మామయ్యా ఎందుకు తీశారు అని అడిగి ఉంటే ఇంకా బాగుండేది. కాపాడాడు. ఆ వయసువాడు, తన పరువుని, అడగకుండానే, సీసా మూత తీసి ఇచ్చినంత మామూలుగా, తీసి ఇచ్చాడు.

"తొడుగు నేను తీశాను," అన్నాడు మాస్టారు.

భార్య పకాలున నవ్వింది. "ఇదిగో, మొదలుపెట్టారు. కూతురి మొహం చూసి అల్లుణ్ణి వెనకేసుకొస్తున్నారు."

"కాదే. నిజంగా నేనే. పొద్దున లేచి..."

"పొద్దున లేచి తమరు వ్యాను తుడుస్తున్నారు. కాఫీ ఇచ్చింది నేను కాదూ?"

"నువ్వెందుకు తీస్తావు బావా," అన్నాడు బావగారు, ముచ్చటపడిపోతూ. "ఇంత అనుభవం ఉన్నవాడివి, ఆ మాత్రం తెలీదా నీకు? ఇంకొకడైతే ఈపాటికి అల్లుణ్ణి నాలుగు దులిపేవాడు. పెద్దరికమంటే నీదీ." లేచి వచ్చి భుజం తట్టాడు. "ఇప్పుడు మాత్రం ఆ పైపు నువ్వే బిగించు. నీ చేతి మీద నాకు నమ్మకం."

నిజం చెబితే కూడా మంచి పేరే వస్తోంది. మాస్టారు సిగ్గుతో చితికిపోయాడు. అరగంట ముందు ఇదే మాట చెబితే నిజంలా ఉండేది. ఆలస్యం చేసినందుకు దానికి త్యాగం వేషం వేసి తన చేతిలోనే పెట్టారు, అల్లుడు ఇంకో మెట్టు దిగిపోయాడు. "ఊరుకోండి మామయ్యా," అన్నాడు అల్లుడు మెల్లిగా, టూల్ బాక్సులోంచి సైకిలు ట్యూబు ముక్క తీసి కత్తిరిస్తూ. కొత్త తొడుగు. పక్కకొచ్చి, మిగతావాళ్ళకి వీపు అడ్డం పెట్టి, దాన్ని మాస్టారు అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు. "ముందు ఇది ఎక్కించండి. గట్టు దాటాక క్లిప్పు." గుసగుసగా చెప్పాడు, పరీక్షలో చీటీ అందించినట్టు.

ఎక్కిస్తే బండి కదులుతుంది. కొండ ఎక్కుతుంది. మాస్టారు బిగించాడు, నిలిచింది అంటారు, దారిపొడుగునా అంటారు, ఏ చుట్టమొచ్చినా అంటారు. అమ్మాయి వింటుంది. మాస్టారు పిడికిలి విప్పాడు. తొడుగుని తీసుకెళ్ళి బావగారి చేతిలో పెట్టాడు. "ఇది మీ దగ్గర ఉంచండి బావగారూ. పోగొట్టకండి." తిరిగొచ్చి, పొద్దున చేసినట్టే, ఉత్త మూతి మీద పైపు ఎక్కించాడు.

"మామయ్యా, అలా కాదు..."

"నువ్వు మాట్లాడకు."

అల్లుడు మాస్టారి మొహం వంక చూశాడు, అర్థమై, ఒకడుగు వెనక్కి వేశాడు. మాస్టారు క్లిప్పుని పళ్ళు నూరుతూ బిగించాడు. నీళ్ళు పోశాడు, బండిలో పెట్టుకొచ్చిన రెండు క్యాన్లలో ఉన్న నీళ్ళన్నీ. "అందరూ దూరంగా నిలబడండి. బావగారూ, మీరు మాత్రం కళ్ళు తిప్పకండి," అని బానెట్ తెరిచే ఉంచి, వెళ్ళి స్టార్ట్ చేశాడు. ఇంజను అందుకుంది. చక్కగా పలికింది. "చూశావా, అదీ చెయ్యంటే!" అన్నాడు బావగారు. మాస్టారు ఏక్సిలరేటర్ మీద కాలు నొక్కాడు, డయల్లో ముల్లు వేడి వైపు కదిలింది, ఇంకా నొక్కాడు. జీవితంలో ఒక బండి పాడవాలని కోరుకోవడం ఇదే మొదలు. ఊడవే. ఒకవేళ ఊడకపోతే? ఊడకపోతే ఎలా బతకాలో తెలియలేదు. పొద్దుట్నుంచీ కొండదాకా ఓపిక పట్టిన పైపు అప్పటికే సాగి ఉంది, ఈసారి అంతసేపు ఆగలేదు. టప్పుమంది. మొదటిసారి కంటే గట్టిగా. నీళ్ళు లేచి అద్దం మీద పడ్డాయి, ఆవిరి రోడ్డు దాటింది, భార్య కెవ్వుమంది. మాస్టారు ఇంజను ఆపి, దిగాడు.

"పొద్దున నేను చేసింది ఇదీ," అన్నాడు. "అబ్బాయి బిగించింది బాగానే ఉంది. బాగుండటం చూడలేక విప్పాను."

ఆ చివరి ముక్క అనాలనుకోలేదు, వచ్చేసింది. భార్య నవ్వలేదు. ఆవిడ మాస్టారి చేతుల వంక, గోళ్ళ వంక చూస్తోంది, కాఫీ కప్పు పట్టుకున్న పొద్దుటి చేతుల్ని ఇప్పుడు చూస్తోంది. ఆ చూపు కింద ఇంకో క్షణం నిలబడటం తన వల్ల కాలేదు. ఖాళీ క్యాన్లు రెండూ అందుకుని, దిగువన ఇళ్ళు కనిపించిన వైపు నడక మొదలుపెట్టాడు. వెనక బావగారి గొంతు, వేళాకోళం లేని గొంతు, అల్లుణ్ణి అడుగుతోంది, "ఏమయ్యా, ఈ ముక్క లేకపోతే నిలవదా?"

"నిలవదండీ. మూతికీ పైపుకీ మధ్య సందుంది. ఎంత బిగించినా రబ్బరు మడత పడుతుంది గానీ పట్టదు. ఇలా రండి, చూపిస్తా."

మాస్టారు వెనక్కి చూడలేదు. వాళ్ళిద్దరూ బానెట్ మీద ఒంగి ఉంటారని తెలుసు. అయినా లోపల ఏమీ తేలికపడలేదు, తేలికపడుతుందని ఎవరు చెప్పారు? నీళ్ళు మోసుకుంటూ ఈ ఎత్తంతా మళ్ళీ ఎక్కాలి. ఆ ముగ్గురి మధ్యకీ వచ్చి, ఇంజను చల్లారేదాకా మళ్ళీ కూర్చోవాలి, సాయంత్రం అమ్మాయికి ఎదురుపడాలి. చెవులు కాలిపోతున్నాయి.

"మామయ్యా!" వెనకనుంచి అల్లుడు కేకేశాడు. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు, గ్యారేజీలో మనుషులకి పని చెప్పే గొంతు. "రెండూ నిండుగా తెండి. సగం సగం తెస్తే చాలవు."

"అలాగేనయ్యా," అన్నాడు మాస్టారు, తల తిప్పకుండానే, అడుగు కాస్త పెంచి.